రాయలసీమలోని తొలి క్రైస్తవసంఘములు : ఇల్లు, పంక్తి, వియ్యము

ఇరువురు మనుష్యుల సంబంధ మెంత దూరము వచ్చినదో తెలిసికొనుటకుఁ దెనుఁగువారు వాడు కొలత యొకటి కలదు. అది కంచము పొత్తా, మంచము పొత్తా యని యడుగుదురు. మొదటిది సహపంక్తి, రెండవది వియ్యము. ఒక మతము కులభేదమును దాఁటినదా లేదా యను ప్రశ్నకు సిద్ధాంతగ్రంథములకంటె నీ రెండు కొలతలే నమ్మఁదగిన యుత్తరము నిచ్చును. సర్వమానవులు నొకటియే యని చెప్పు క్రైస్తవమతము రాయలసీమలోఁ గులముల వెంటనే యేల నడచినది? ఆ నడకలో మతము మాఱినదా, కులము మాఱినదా? ఈ విషయమును విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

పాతవ్రాఁతలలోని యూళ్లను నేఁటి జిల్లాలలో వెదకువారికి మొదట హద్దులను జెప్పవలసి యున్నది. 'రాయలసీమ' యను పేరు 1928లో నంద్యాలసభలలోఁ బుట్టినది. అంతకుముం దీ దేశము 'దత్తమండలము' లనఁబడెను. 1800లో నిజాము దీనిని గుంఫిణీవారికి దత్తము చేసెను. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబులక్రింద నుండెను. మంత్రాలయము చేరియున్న ఆదవాని తాలూకా 1953 అక్టోబరు 1వ తేది వఱకు బళ్లారి మండలములోనిది. కంభము, మార్కాపురము ప్రాంతములు 1970లోఁ బ్రకాశము జిల్లా యేర్పడు వఱకుఁ గర్నూలు మండలములోనివి. మతబోధకుల మండలి యొక్కొక్కటి యీ ప్రాంతములలో నొక్కొక్క భాగమును బట్టినందున, సంఘముల చరిత్రకును ఈ హద్దులకును సంబంధము కలదు.

తొలిశతాబ్దపు క్రైస్తవసంఘములు గూడ నింటిద్వారముననే లోకములోఁ బ్రవేశించినవి. అపొస్తలుల కార్యములలోఁ గొర్నేలీ యను శతాధిపతి తన బంధుమిత్రులను గూర్చుకొని పేతురు రాకకై వేచియుండెను. ఫిలిప్పీపట్టణమున ఊదారంగువస్త్రము లమ్ము లూదియయు, అచటి చెఱసాల యధికారియుఁ దమ యింటివారితోఁ గూడ బాప్తిస్మము పొందిరి. కొరింథులో స్తెఫను ఇంటివారికిఁ బౌలు స్వయముగా బాప్తిస్మ మిచ్చెను. ఇట్టి తావులలో గ్రీకుభాషయందు 'ఓయికోస్' అను పదము వాడఁబడినది. దానికి గోడలును గప్పును మాత్రమే యర్థము గాదు. యజమానుఁడు, భార్య, బిడ్డలు, దాసులు, ఆశ్రితులు నందఱు దానిలోనివారే. తెనుఁగున 'ఇల్లు' అను మాటయు నట్టిదే. 'మంచి యిల్లు', 'ఆ యింటి పిల్ల', 'ఇంటిపేరు' అనునప్పుడు కట్టడము నెవ్వరును దలఁపరు. కావునఁ దెనుఁగుబైబిలులో 'ఇంటివారు' అను మాట వినిన పల్లెవాసికి దానిని వివరింప నక్కఱ లేకపోయెను. అతని యనుభవమునఁ గూడ దైవమును మార్చుకొను వాఁడు ఒంటిమనిషి గాఁడు, ఇల్లు.

అయితే యింటిద్వారమునఁ బ్రవేశించిన మత మింటిగోడలను గూడఁ దనతోఁ దెచ్చుకొనును. ఆదిసంఘము దీని కతీతము గాదు. యెరూషలేములో గ్రీకుభాష మాటలాడు యూదుల విధవరాండ్రకు దినదిన పరిచర్యలో నన్యాయము జరుగుచున్నదని సణుగుడు పుట్టెను. ఆ తగవును దీర్చుటకై యేర్పఱుపఁబడిన యేడుగురి పేర్లును గ్రీకు పేర్లే యగుట గమనింపఁదగినది. ఎవరి ఫిర్యాదో వారి చేతికే పంపకము నప్పగించుట వారు కనుఁగొన్న యుపాయము. అంతియొకయలోఁ దగవు మఱింత లోతైనది. అచటఁ బేతురు అన్యజనులతోఁ గూడి భోజనము చేయుచుండి, యెరూషలేమునుండి కొందఱు వచ్చినంతనే వెనుదీసెను. పౌలు దానిని బహిరంగముగా ఖండించెను. సిద్ధాంతమున వారిరువురకును భేదము లేదు; భేదము పంక్తియందు వచ్చినది. పంక్తి చీలినచో మతమే చీలునని పౌలు గ్రహించినందుననే యంత తీవ్రముగా నెదిరించెను.

ఇట్లు పంక్తిని గాపాడుకొన్న సంఘమునకు నొక జాతిపేరు వచ్చినది. రెండవ శతాబ్దిలోనే అరిస్తీదను పండితుఁడు మనుష్యజాతులను లెక్కించుచుఁ గ్రైస్తవులను వేఱుజాతిగాఁ జెప్పెను. ఆ శతాబ్ది చివర టెర్టుల్లియను కాలమునకు 'మూఁడవజాతి' యనుట యొక నిందగా మాఱినది. పేతురు పేరిటి మొదటి పత్రికలో విశ్వాసులకు వాడఁబడిన గ్రీకుపదము 'గెనోస్'. దానికిఁ దెనుఁగు బైబిలు 'వంశము' అని వ్రాసినది. రక్తసంబంధము లేనివారిని వంశ మనుట యప్పటి కొక సాహసము. ఆ సాహసము మన సీమలో నేమైన దనునదే ప్రశ్న.

సీమలో మొదటిధార ఫ్రెంచి జెసూట్ గురువులు దెచ్చినది. 18వ శతాబ్ది యారంభమున వారు పుదుచ్చేరినుండి బయలుదేఱి, పుంగనూరు, కృష్ణాపురము మొదలగు తావులలో 'కర్ణాటక మిషను' అను పేరఁ గేంద్రముల నేర్పఱచిరి. సన్న్యాసివేషము ధరించి, మాంసమును విడిచి, యగ్రకులముల మర్యాదలను బాటించిరి. వారి బోధ విని మతము పుచ్చుకొన్నవారిలో రెడ్లు ముఖ్యులు. దేశమున దండయాత్రలు పెచ్చుపెరిగినప్పుడు ఈ రెడ్డి కుటుంబములనేకము లదే శతాబ్దిలోఁ దూర్పునకుఁ దరలి, గుంటూరు మండలమున ఫిరంగిపురము, ముట్లూరు, రెంటచింతల ప్రాంతములలో నిలిచినవి. తరలినవారు బంధుకోటులుగాఁ దరలిరి; మతమును వారితోఁ దరలినది.

ఈ సంఘము యొక్క మనస్సు సారస్వతమునఁ గూడఁ గనఁబడును. పింగళి యెల్లనార్యుని 'తోభ్యాచరిత్ర' మనఁబడు 'సర్వేశ్వరమాహాత్మ్యము' తుమ్మవంశపు ప్రభువున కంకితమైన ప్రబంధము. మంగళగిరి యానందకవి 'వేదాంతరసాయనము' క్రీస్తు కథను జెప్పు కావ్యము; దానికిఁ గృతిభర్త నిడిమామిళ్ల దాసయామాత్యుఁడు. కథ యూదుదేశముది, కృతిభర్తయు, అంకితమును దెనుఁగుసంప్రదాయమువి. తోభ్యాచరిత్రమునకు మూలమైన తోబితు గ్రంథమున మఱొక విశేషము గలదు. నీనెవెలో బందీయై యున్న తోబితు కుమారుని బిలిచి, పరదేశములోఁ బుట్టినపిల్లను గాక తన తండ్రుల గోత్రపు కన్యనే వివాహమాడవలెనని శాసించును. కుమారుఁడు దేవదూత వెంట నడిచి, దూరదేశమున నున్న తన బంధువుని కూఁతురు సారాను బెండ్లాడును. పరదేశమునఁ జిక్కిన చిన్నసంఘము తన వియ్యమును గాపాడుకొనుటయే యీ కథకుఁ బ్రాణము. ప్రొటెస్టెంటుల బైబిలులో నీ గ్రంథము లేదు. కతోలికుల బైబిలులోఁ గలదు. వలసపోయిన రెడ్డికుటుంబముల కిది పరాయికథ యని తోఁచియుండదు.

పేర్లలోను నిదే కలయిక. కతోలిక రెడ్లలో రాయపరెడ్డి, చిన్నపరెడ్డి, శౌరిరెడ్డి, ఇన్నారెడ్డి యను పేర్లు తఱచు. రాయప్ప యనఁగాఁ బేతురు. చిన్నప్ప యనఁగాఁ బౌలు. శౌరి యనఁగా ఫ్రాన్సిస్ జేవియరు. ఇన్నాసి యనఁగా ఇగ్నేషియసు. పేరు పునీతునిది, తోఁక కులముది. వీరి జ్ఞానస్నానము, సర్వేశ్వరుఁడు అను పదములకును, ప్రొటెస్టెంటుల బాప్తిస్మము, యెహోవా యను పదములకును గల భేదము గూడ రెండు మతశాఖల భేదము మాత్రమే గాదు. ఇది రెండు బంధువర్గముల భాషలలోని భేదము.

రోము దీని నంతయు నంగీకరింపలేదు. పోపు ప్రతినిధి టూర్నో 1704లోఁ బుదుచ్చేరియం దొక శాసనము చేసి, దేశాచారములు పెక్కింటిని నిషేధించెను. రోగపీడితులైన యంత్యజుల యిండ్లకు గురువులు పోయి సంస్కారములు జరుపవలె నని యందొక నిబంధనము. ఆ వాదము 1744లో పదునాలుగవ బెనడిక్టు పోపు తీర్పుతోఁ గాని ముగియలేదు. ఇంటిలో నడుగుపెట్టుట యను చిన్నపని నలువదియేండ్ల వివాదములో నొక ముఖ్యాంశ మయ్యెను.

రెండవధార మాలలది. లండను మిషనువారు 1810లో బళ్లారికిని, 1822లోఁ గడపకును వచ్చిరి. చాలకాలము వారి బోధ యొకరిద్దఱికి మించి సాగలేదు. 1850 ప్రాంతమునుండి కడప, కర్నూలు మండలములలో మాలపల్లెలు కదలినవి. ఆంగ్లికను సంఘమునకుఁ జెందిన ఎస్.పి.జి. మిషను 1854 మొదలు ముత్యాలపాడునను, పిమ్మటఁ గలసపాడు, నంద్యాలలందును నిలిచినది. ముతకబట్ట నేయువారును, కూలిచేయువారును నైన మాలలలో బంధువు మాట బంధువు వినెను. ఒక యూరి పిల్ల వేఱొకయూరి కోడలు. ఆ కోడలిపుట్టిల్లు మఱొక పల్లెకు వియ్యము. ఈ దారులనే బోధకులును నడిచిరి. జాబితా వ్రాసికొని చూచినచో మిషను విస్తరించిన పటమును వియ్యపుపటమును నొకటియే యగును.

మూఁడవధార మాదిగలది. కనిగిరి దగ్గఱి తాళ్లకొండపాటి వాఁడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్లవర్తకమునకై యేలూరు దెసకుఁ బోయినప్పుడు ఈ మతమును గూర్చి వినెను. అతఁడు 1866లో బాప్తిస్మము పొందినవాఁడు. అంతకుముం దతఁడు యోగమార్గమున గురూపదేశము పొందియుండెను. అతని బంధుకోటివలన అమెరికను బాప్తిస్టు మిషను ఒంగోలు, కనిగిరి, కంభము, మార్కాపురములమీదుగాఁ గర్నూలు వఱకు వ్యాపించెను. 1876-78 క్షామానంతరము 1878 జులై 3వ తేదిని గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లి వద్ద నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందుట ప్రసిద్ధము. వా రొక్కొక్కరుగా వచ్చినవారు గారు. పల్లెలుగా, బంధువర్గములుగా వచ్చినవారు.

ఈ యోగమార్గమునకు మూలము సీమలోనే కలదు. కడపమండలమునఁ గందిమల్లాయపల్లెలో వెలసిన పోతులూరి వీరబ్రహ్మము శిష్యులలో సిద్ధయ్య దూదేకుల కులజుఁడనియుఁ, గక్కయ్య మాదిగ యనియు సంప్రదాయము. గురువుచుట్టు భిన్నకులజులు కూడుకొనుట మిషనులకు ముందే యీ సీమ యెఱిఁగినది. ఎమ్మా క్లౌ రచించి 1899లోఁ బ్రకటించిన గ్రంథమున నున్న తొలి మాదిగబోధకుల చరిత్రలను జదివినవారికిఁ గ్రొత్తమతము పాతగురుమార్గమున నడచిన తీరు స్పష్టపడును.

ఇట్లు రెడ్లు, మాలలు, మాదిగలు మూఁడుదారులఁ జేరిరి. ఒక యూర నొక కులము చేరినంతనే యా మిషను ఆ కులముపేరఁ బిలువఁబడుచుండెను. అందుచే రెండవకులము వేఱు మిషనును వెదకికొనుట సహజమయ్యెను. మాలపల్లెయు మాదిగగేరియు వేఱు, బావులు వేఱు, వారిలో వారికి సహపంక్తి లేదు. గుడి మాలపల్లెలోఁ గట్టినచో మాదిగలకు దూరము. గేరిలోఁ గట్టినచో మాలలకు దూరము. సిద్ధాంతభేదములని వ్రాఁతలలోఁ గనఁబడునవి పెక్కింట నూరిలోని స్థలభేదములు.

అయితే యీ బంధుబలము నిందింపఁదగినది మాత్రమే కాదు. దాని యవసరము తెలియుటకు గ్రామదేవతవ్యవస్థను జూడవలెను. ఈ సీమలోఁ గ్రొత్త దైవ మేదియు శూన్యస్థలమునకు రాలేదు. మంత్రాలయమునందే దీనికి నిదర్శనము కలదు. తుంగభద్రాతీరమున నున్న యా యూరు పూర్వము మంచాల. 1671లో బృందావనప్రవేశము చేసిన రాఘవేంద్రస్వాములు గూడ గ్రామదేవతయైన మంచాలమ్మ యనుమతిని గొనియే యచట నిలిచిరని సంప్రదాయము. నేఁటికిని యాత్రికులు మొదట మంచాలమ్మను దర్శించి పిమ్మట బృందావనమునకుఁ బోవుదురు. మఠము గ్రామదేవతతో నొడంబడిక చేసికొన్నది.

క్రైస్తవులకు నట్టి యొడంబడిక లేదు. అమ్మవారి జాతరలోఁ దప్పెట వాయించుట, దున్నపోతుబలికి సంబంధించిన పనులు, మాతంగి యావేశము మొదలగునవి మాలమాదిగల యధికారములును, బాధ్యతలును. ఊరి దృష్టిలో వారు హీనులే యైనను జాతరదినమున వారు లేనిది పూజ సాగదు. మతము మాఱినవా రవి విడిచిరి. చచ్చిన పశువుమాంసము మానిరి. ఆదివారము పనికి రామనిరి. రైతుకుఁ గపిలబానలను గుట్టి, త్రాళ్లు పేని, చెప్పులు చేసి యిచ్చిన మాదిగకుఁ గళ్లములో ధాన్యపు మేర ముట్టుచుండెడిది. మెట్టపొలములకుఁ గపిలబావియే యాధారమైన సీమలో నొక్కదినము తోలుబాన చినిఁగినను మడి యెండును. కావున నాదివార మనునది రైతునకు వేదాంతవిషయము గాదు. పలుచోట్ల మేరలు నిలిచినవి, బావులు మూయఁబడినవి, కొట్లాటలు జరిగినవి. ఊరితో నున్న ముడి యిట్లు తెగినప్పుడు మిగిలిన యాధారము బంధువులే. ఒంటరిగా మతము మాఱిన వాఁడు నిలువలేఁడు. నలువదియిండ్లవారు గలసి మాఱినచో నిలువఁగలరు. తొలితరమున బంధుత్వము గోడ కాదు, అండ.

రెండవ మూఁడవ తరములలో నా యండయే గోడగా మాఱెను. ఇందుకుఁ గారణము వియ్యము. తెనుఁగుదేశమున వరస యనునది మాటలలోనే కలదు. ఒకే కులములోఁ దెలిసిన ప్రతివ్యక్తియు నన్నదమ్ముల వరసో, బావ వరసో యగును. అక్క యన్నవారిని బెండ్లాడరాదు. వదినె యన్నవారి చెల్లెలిని నాడవచ్చును. క్రైస్తవసంఘమున నందఱును సహోదరసహోదరీలు. ఈ సంబోధనము ప్రాచీనరోమునఁ గూడఁ జిక్కులు తెచ్చినది. ఒకరినొకరు సహోదరులనుచునే వివాహమాడుదురని వెలుపలివారు క్రైస్తవులపై హీనమైన నిందలు మోపిరి. మినూకియసు ఫేలిక్సు మొదలగువారు దానిని ఖండించిరి. తెనుఁగుపల్లెలలో నీ చిక్కు మఱొక విధముగాఁ దీఱినది. 'సహోదరుఁడు' గుడిమాట యయ్యెను. బావ, మామ, వదినె యనునవి యింటిమాటలుగా నిలిచినవి. రెండు భాషలను రెండుతావులకుఁ బంచుకొనుటచే నేదియుఁ జెడలేదు, ఏదియు మాఱలేదు.

శాసనములకు నాచారములకు నిచట నొక ముఖ్యమైన తగవు పుట్టినది. సీమలో మేనరికము ప్రియము. అక్కకూఁతురిని బెండ్లాడుటయు సర్వసామాన్యము. ఆంగ్లికనుల ప్రార్థనపుస్తకముతో నుండు నిషిద్ధసంబంధముల పట్టికలో నక్కకూఁతురు కలదు. మేనమామ కూఁతురు లేదు. రోమనుకతోలిక ధర్మమున మేనమామ కూఁతురును బ్రత్యేకానుమతి లేక పెండ్లాడరాదు. ఇట్లు ఒకే మేనరికము ఒక సంఘమున నిర్దోషము, వేఱొక సంఘమున ననుమతిసాధ్యము. బోధకులు బంధుత్వపు దగ్గఱతనమును గూర్చి యింత చర్చించిరి. కులము వెలుపలికిఁ బోని వియ్యపు దూరమును బట్టు పట్టిక మాత్ర మేదియు లేకపోయెను. పౌలు కొరింథువారికి వ్రాయుచు విధవరాలి పునర్వివాహమునకుఁ బెట్టిన నియమ మొక్కటే: వరుఁడు ప్రభువునం దుండవలెను. పల్లెసంఘములలో నా నియమమునకు ముందు మఱొకటి వ్రాయకయే నిలిచినది: వరుఁడు మనవాఁడై యుండవలెను.

ఇంటిపేరు దీనికిఁ దోడు. యోహాను, అబ్రాహాము, దేవదానము, యేసురత్నము అను క్రొత్త పేర్లు వచ్చినను ఇంటిపేర్లు పోలేదు. ఒకే యింటిపేరువారు వియ్యమందరాదు గనుక నింటిపేరు లేక పెండ్లి కుదురదు. సంఘశిక్షయుఁ బాతరూపమునే ధరించెను. కులపెద్దల పంచాయతిలో తప్పు, జరిమానా, వెలి యెట్లుండెనో, సంఘపెద్దలయెదుట నట్లే యుండెను. పలుచోట్లఁ బెద్దలును వారే.

పంక్తివిషయమున మాత్రము మార్పు నిజముగా వచ్చినది. ప్రభురాత్రిభోజనమున నొకే పాత్ర చేతులు మాఱవలెను. మిషను వసతిగృహములలోఁ బిల్లలందఱు నొకే వంట దినిరి. 1912లో బిషప్పుగా నభిషిక్తుఁడైన వేదనాయకము శామ్యూలు అజరయ్య మాలమాదిగ లొకే బల్లవద్దకు రావలె నని పట్టుపట్టినవాఁడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణహిందూదేశసంఘ మేర్పడినప్పుడు లండనుమిషను సంఘములును ఆంగ్లికను సంఘములును గలసినవి. అయినను నంద్యాలప్రాంతపు సంఘములు పెక్కు ఆ యైక్యమున వెంటనే చేరక, 1970 దశకమునఁ గాని కలియలేదు. బాప్తిస్టులు వేఱుగానే నిలిచిరి. పత్రముపై నైక్యము సులభమై, పల్లెలో నాలస్యమగుటకుఁ బైని జెప్పిన చరిత్రయే యొక కారణము.

ప్రభుత్వ మీ సంగతిని మఱొక కన్నుతోఁ జూచినది. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు హిందువులు గానివారిని షెడ్యూల్డు కులముల జాబితానుండి తొలఁగించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను మరలఁ జేర్చిరి, క్రైస్తవులను జేర్చలేదు. ఆంధ్రప్రదేశమున నిట్టి వారిని వెనుకఁబడిన తరగతుల 'సి' వర్గమున నుంచిరి. చట్టము మతము మాఱినచోఁ గులము పోవునని యెంచినది, పల్లె యట్లెంచలేదు. బావియొద్దను, పెండ్లి మాటలలోను గులము నిలిచియుండఁగా జాబితాలో మాత్రము పోయినది. ఈ చిక్కులో నలిఁగినవారు సీమలోని పేదకుటుంబములవారు. సహాయము కావలసిన విద్యార్థి తన విశ్వాసమును జెప్పుకొనుటయా, దాఁచుకొనుటయా యని తేల్చుకొనవలసి వచ్చినది. కావున నీ విచారము పాతకాలపు ముచ్చట మాత్రమే కాదు.

పైని జెప్పినదాని సారాంశ మిది. బంధుత్వము మతమునకు శత్రువు గాదు. అది లేనిచో సీమలోఁ గ్రైస్తవసంఘమే లేదు. ఆదిసంఘమును బంధుత్వముననే పెరిగెను. భేదము మఱొకచోట నున్నది. ఆదిసంఘమున నింటిలో దాసుఁడును గలఁడు; ఒనేసిమను దాసునిఁ దిరిగి పంపుచుఁ బౌలు యజమానుఁడైన ఫిలేమోనుకు వానిని సహోదరునిగాఁ జేర్చుకొమ్మని వ్రాసెను. గ్రీకుల 'ఇల్లు' భిన్నజాతులవారి కూడలి. అందు బాప్తిస్మము పొందిన నాఁడే భేద మొకే కప్పుక్రిందఁ బంక్తికి వచ్చినది. తెనుఁగు 'ఇల్లు' ఒకే కులపు రక్తము. అందు బాప్తిస్మము పొందిన నాఁడు భేదము గడపదాఁటి లోనికి రానేలేదు. అచట మొదటిదినమునఁ దీఱవలసిన తగవు ఇచట మూఁడవ తరమునకు మిగిలినది. కంచము పొత్తు నూఱేండ్ల శ్రమతో వచ్చినది. మంచము పొత్తు వచ్చిన నాఁడు గాని పేతురు పత్రికలోని 'వంశము' అను మాటకుఁ దెనుఁగున సరియైన యర్థము కుదురదు.